చక్కెర గంజి

నిజామాబాద్ బజారులో పెళ్లి బట్టల దుకాణానికి వెళ్లి "దీనికి గంజి పెట్టాలా?" అని అడిగితే ఇప్పుడు నవ్వుతారు. మొన్న నేను అడిగాను. దుకాణదారు నైలాన్ జాలీ ముసుగు ఒకటి బల్ల మీద పరిచి, గుప్పిట్లో నలిపి, వదిలి చూపించాడు. ఒక్క మడత పడలేదు.

"గంజి గింజి ఏందమ్మా, గయన్ని పాత ముచ్చట్లు. గిది నైలాన్. సబ్బు నీళ్లల్ల ముంచి ఆరేస్తె అయిపాయె" అన్నాడు.

మా ఆడబిడ్డ కూతురి పెళ్లికని నలుగురం ఆడవాళ్లం కలిసి వెళ్లాం. పిల్ల ఆ ముసుగు నెత్తిన వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోతోంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "మీరే చూసి తీసుకోండి" అని బయటికొచ్చి దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. తలనొప్పి అనుకున్నారు వాళ్లు. అనుకోనీ అని ఊరుకున్నాను.

నాకు కొత్త బట్టలంటే గిట్టదని మా ఇంట్లో అందరి నమ్మకం. చేతుల్లేని జాకెట్లు, బొడ్డు కిందికి దిగిన చీరలు, కాలేజీ పిల్లల బెల్‌బాటమ్‌లు, నేల ఊడ్చే మ్యాక్సీలు, ఏది చూసినా మూతి తిప్పుకుంటానట. తిప్పుకుంటాను, నిజమే. కానీ ఫ్యాషన్‌ను తిట్టే హక్కు నాకు ఎక్కడిది? ఆ పిచ్చి నాకు పట్టినంతగా ఈ జిల్లాలో ఏ ఆడపిల్లకూ పట్టి ఉండదు. పదిహేనేళ్ల వయసులో ఆ పిచ్చితోనే నేను కన్నతల్లి చేతులు విరిచాను. కర్రతో కాదు. నాలుగు గుప్పిళ్ల చక్కెరతో.

మాది బోధన్. బాపు చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీ. చెరుకు ఆడినన్నాళ్లు పని, ఆగితే ఎడపల్లి వైపు పొలాల్లో పని. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. అవ్వకు ఒక చేతి మిషన్ ఉండేది. మా చర్చివాళ్ల ఆడపిల్లల జంపర్లు, లంగాలు, పెళ్లి తెల్లబట్టలు అన్నీ ఆమే కుట్టేది. జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన రోజుల్లో నాకు తొమ్మిదేళ్లు. అప్పటికి మోచేతి దాకా చేతులు, మెడ దగ్గర చిన్న లేసు, అంతే ఫ్యాషన్. తర్వాత బుట్ట చేతులు వచ్చాయి. ఒక ఏడాది అందరికీ బుట్ట చేతులే కావాలి. మరుసటేడు అదే ఆడవాళ్లు అవే జాకెట్లు తెచ్చి "బుట్టలు ఇప్పెయ్యి, చేతులు బిర్రుగ జెయ్యి" అన్నారు. అవ్వ విసుక్కునేది కాదు. "ఇప్పుతె ఇప్పుత, పెడితె పెడుత, నాదేం బోయె" అని నవ్వేది. ఆ మిగిలిన బుట్టల ముక్కలతో మా అక్కకూ నాకూ రిబ్బన్లు కుట్టేది.

కానీ అవ్వకు పేరు తెచ్చింది మిషన్ కాదు. ముసుగు.

మా చర్చి మొత్తానికి ఒకే ఒక పెళ్లి ముసుగు ఉండేది. ఎప్పుడో ఒక దొరసానమ్మ తన దేశానికి తిరిగిపోతూ వదిలిపోయిన నూలు జాలీ బట్ట అది, తలమీంచి మడమల దాకా వచ్చేది. బోధన్‌లో గానీ చుట్టుపక్కల ఊళ్లలో గానీ మావాళ్లలో ఎవరి పిల్లకు పెళ్లయినా దాన్నే వేసేవాళ్లు. కూలి చేసుకునేవాళ్ల పిల్లకూ అదే, మాస్టరుగారి పిల్లకూ అదే. పెళ్లి అయిపోగానే అవ్వ చేతికి వచ్చేది. ఆమె దాన్ని కుంకుడు రసంతో ఉతికి, చిరుగులు కుట్టి, అంచున తెల్లదారంతో వేలిగోరంత పువ్వు ఒకటి కుట్టేది. పెళ్లయిన ప్రతి పిల్లకూ ఒక పువ్వు. మాలో ఆడవాళ్లు ఆదివారం నాడు చర్చి అయ్యాక వచ్చి "నా పువ్వు ఏదక్కా?" అని అవ్వను అడిగేవాళ్లు. ఆమె వెతక్కుండానే చూపించేది. ముసలివాళ్లు కూడా ఆ పువ్వు మీద వేలు పెట్టి సిగ్గుపడేవాళ్లు.

గంజి ఆమె ఒక్కతే పెట్టేది. పాతబియ్యం గంజిని పలచగా కాచి, పల్చటి బట్టలో మూడుసార్లు వడగట్టి, ఒక చుక్క నీలిమందు, చిటికెడు ఉప్పు వేసేది. ఉప్పు వేస్తే బట్ట బొబ్బలు కట్టదనేది. అందులో ముసుగు ముంచి, పిండకుండా ఎత్తి, నీడలో నులక మంచం మీద పరిచేది. ఇస్త్రీ పెట్టేది కాదు.

సీజనులో బోధన్‌లో చీమలతో కాపురం. ఊరంతా తియ్యటి వాసన. బాపు ఫ్యాక్టరీ నుంచి వస్తే కాళ్లకు నల్లటి మడ్డి అంటుకుని ఉండేది. అవ్వ గడపలోనే ఆపేసేది.

"గాన్నే నిలవడు. కాళ్లు గడుక్కో. ఇంట్ల తెల్లబట్టలున్నయ్, చీమలు వడుతయ్."

"ఏందే, నన్నే చీమను జూసినట్టు జూస్తవ్" అని బాపు నవ్వుతూ నీళ్ల తొట్టి దగ్గరికి పోయేవాడు. మా ఇంట్లో అన్నం పెట్టుకునే చెక్క పెట్టెకు చీమలెక్కకుండా నాలుగు కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అంతే. ఇదంతా తెలిసి పెరిగినదాన్ని నేను. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

నేను పదో తరగతికి వచ్చేసరికి ఫ్యాక్టరీ ఆఫీసర్ల కాలనీ నా కళ్లను మింగేసింది. వేరే వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఆఫీసర్ల భార్యలు, కూతుళ్లు అక్కడ ఉండేవాళ్లు. కుట్టిన బట్టలు ఇచ్చి రమ్మని అవ్వ నన్ను పంపేది. అక్కడ మొదటిసారి చూశాను, గొడుగులా విప్పుకుని నిలబడే గౌన్లు. లోపల జాలీ లంగా ఉంటుంది, దాన్ని నేల మీద పెడితే మనిషి లేకుండానే నిలబడుతుంది! అక్కడ ఒక ఇంట్లో పనిచేసే ఆయమ్మను బతిమాలి అడిగాను, ఎట్లా నిలబడుతుందని.

"చక్కెర పాకమే పిల్లా. పలచగ కలిపి ముంచుతం. గంజి ఏడికొస్తది దీని ముందర!" అంది.

ఆ జాలీ లంగాలను దాచే అల్మారా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా నా బుర్రకు ఎక్కలేదు. నా కళ్లు అల్మారా లోపలే ఉన్నాయి, కాళ్ల మీద లేవు.

ఆ చలికాలమే మా అక్క పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లది నిజామాబాద్. టౌనువాళ్లు. వాళ్ల ఆడవాళ్లు మా ఇంటికి వచ్చినప్పుడు ఒంటి మీద మెరిసే నైలాన్ చీరలు, వెనక హుక్కుల జాకెట్లు. మాటల్లో మాటగా పెళ్లికొడుకు పెద్దమ్మ ఒకామె అంది: "మా దిక్కు ఇప్పుడు అందరు కొత్త ముసుగులే కొంటున్నరు. గట్టిగ, గిట్ల నిలవడుతయ్. మీది చర్చిదే గద? వాలిపోయి ఉంటదేమో." అక్క ముఖం మాడిపోయింది. వాళ్లు వెళ్లాక అక్క నాతో మెల్లగా అంది: "అందరు నన్నే జూస్తరు గద. జెర నిలవడితె బాగుండు."

ఆ మాట నాకు పట్టుకుంది. అక్క అంటే నాకు ప్రాణం. ఆమె తన పాత జంపర్లు కోసి నాకు కొత్తవి చేసి వేసేది, నా జడలు తనే వేసేది. టౌనువాళ్ల ముందు అక్క ముసుగు వాలిపోకూడదు, అంతే నా లోకం. పైగా ఆ ముసుగు చివర పట్టుకుని వెనక నడిచేది నేను. అది నిలబడితే నేనూ గొప్పగా కనపడతాను. రెండూ ఉన్నాయి, దాచుకోను.

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం అవ్వ గంజి కాచి, వడగట్టి, నీలిమందు, ఉప్పు వేసి పెట్టింది. పాస్టరయ్యగారి ఇంటికి పోవాల్సి వచ్చి నాతో అంది:

"బిడ్డ, సల్లారినంక ముసుగు ముంచి మంచం మీద పరువు. పిండకు. అయితదా?"

"అయితదవ్వ, నువ్వు పో."

ఆమె గడప దాటగానే అటకెక్కాను. ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా రెండూ ఒకేలాంటివి, బడిలో పంచిన పాలపొడి డబ్బాలు. చక్కెర పెళ్లి పాయసానికని దాచింది. నాలుగు గుప్పిళ్లు తీసి గంజిలో పోసి, కరిగేదాకా కలిపాను. ముంచాను, పరిచాను. సాయంత్రానికి ఆ ముసుగు మంచం మీద మంచు పట్టినట్టు మెరిసింది. అంచు పట్టి ఎత్తితే నిలబడింది.

అవ్వ వచ్చి చేత్తో తడిమింది. "ఓయమ్మ! ఇయ్యాల గంజి ఎంత మంచిగ పట్టిందే. జెర బిర్రుగున్నది గానీ, నిలవడుతది" అంది. అక్క పరుగెత్తుకొచ్చి చూసి అవ్వ మెడ కౌగలించుకుంది. ఆ కౌగిలి నాది కావాల్సిందని నేను కుళ్లుకున్నాను కూడా! రేపు పెళ్లయ్యాక చెప్దాం, అందరూ మెచ్చుకున్నాక నేనే చేశానని చెప్దాం అనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది. అవ్వ దాన్ని తెల్లగుడ్డలో మడిచి, వేపాకు వేసి, ఇనప పెట్టెలో పెట్టి, పెట్టెను మంచం కిందికి తోసింది. మట్టి నేల. సీజను నెల.

మా ముసుగు ఇంట్లో వేసేది కాదు. చర్చి సామాను కాబట్టి చర్చి పక్కగదిలోనే పెళ్లికూతురికి వేయాలి, వేసేది కూడా అవ్వే. ఆ పొద్దున మూట విప్పినప్పుడు గదిలో వెలుతురు తక్కువ. అవ్వకు దగ్గరి చూపు అప్పటికే మందగించింది. రెండు మూడు చీమలు కనపడితే దులిపింది. "వేపాకుకు పట్టినయేమో" అంది. మైనపు పూల కిరీటం పెట్టి, పిన్నులు గుచ్చి, ముసుగు సర్దింది. అక్క నిజంగానే దేవదూతలా ఉంది. గడప దగ్గర పెళ్లికొడుకు పెద్దమ్మ కూడా "అబ్బ!" అంది. ఆ ఒక్క "అబ్బ" కోసం నేను బతికున్నాననిపించింది.

చర్చి లోపల సగం దూరం నడిచేసరికి నా మణికట్టు మీద ఏదో కుట్టింది. చూశాను. ముసుగు మడతల్లోంచి ఎర్రచీమలు బారుగా నా చేతి మీదికి ఎక్కుతున్నాయి. పైకి చూస్తే అక్క జడ చుట్టూ, కిరీటం కింద, చక్కెర మందంగా పేరుకున్న కుచ్చుల్లో కుప్పలుగా కదులుతున్నాయి. అక్కడ నేను అరవాలి. "అక్కా, ఆగు" అనాలి. అప్పటికింకా పాట పాడుతున్నారు, ఎవరూ కూర్చోలేదు, పక్కకు తీసుకుపోయి విప్పేయొచ్చు. నేను నోరు తెరవలేదు. చేతి మీది చీమలను గౌనుకు తుడుచుకుని, నడిచాను.

అక్క పాట అయ్యేదాకా ఓర్చుకుంది. పాస్టరయ్యగారు ప్రార్థన చేస్తుంటే మెడ వణకడం చూశాను. చెమటకు చక్కెర కరిగి ముసుగు వీపుకు అతుక్కుంది. ఆయన "ఇతనిని నీ భర్తగా" అని అడుగుతుండగా అక్క ఒక్క కేక పెట్టి మెడ మీద కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. తర్వాత రెండు చేతులతో ముసుగు పట్టుకుని లాగింది. అది పిన్నులకు తగులుకుని, కిరీటంతో సహా, పర్రున చిరిగింది. మా అవ్వ కుట్టిన పువ్వుల అంచు నిలువునా చిరిగింది. వెనక బల్లల మీద పిల్లలు నవ్వారు. ఎవరో పెద్దవాళ్లు కూడా నవ్వారు.

కొంగు కప్పి పెళ్లి జరిపించారు. పుస్తె కట్టించారు. అక్క మెడ అంతా దద్దుర్లు, ఆ దద్దుర్ల మీదే పుస్తె. అక్క ఏడుస్తూ అవునంది. ఆ ఏడుపు సంతోషం వల్ల కాదని చర్చిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అయ్యాక పక్కగదిలో పెళ్లికొడుకు పెద్దమ్మ ముసుగు ముక్కను వేళ్ల మధ్య రాసి, నాలుక మీద పెట్టుకుంది.

"చక్కెర! గంజిల చక్కెర ఏసిన్రు! ఏమక్కా, నీ కన్నబిడ్డకే గిట్ల జేస్తివి!"

అవ్వ నమ్మలేదు. తనూ ఆ ముక్క నోట్లో పెట్టుకుంది. ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను. ఆమె నా వైపు తిరిగింది.

"బిడ్డ, నువ్వేమన్న కలిపినవా?"

గదిలో అందరూ నన్నే చూశారు. టౌనువాళ్లు, చర్చి ఆడవాళ్లు, ఏడ్చి వాచిన కళ్లతో అక్క.

"లేదవ్వ" అన్నాను.

ఆమె ఇంకోసారి అడగలేదు. అంత త్వరగా నమ్మింది! "అయితె నేనే. ఉప్పనుకోని చక్కెర డబ్బాల చెయ్యి వెట్టిన్నేమో" అంది. ఇంటికి పోగానే అటక మీది డబ్బా దించి మూత తీసి చూసింది. చక్కెర తగ్గి ఉంది. "ఇగో సూడు, గింత తగ్గింది. నేనే ఏసిన" అని బాపుకు చూపించింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. బాపు బయటికి పోయాడు. ఆరోజు ఆయన కాళ్లు కడుక్కోకుండా లోపలికి వచ్చినా ఆమె పట్టించుకోలేదు.

అక్క అత్తవారింట్లో ఆమెకు పడ్డ పేరు "చీమల పిల్ల". చిన్నాపెద్దా అందరూ అట్లాగే పిలిచారు. మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు అక్క అవ్వ ముఖం చూడకుండా అంది: "ఊరందరి పిల్లలకు మంచిగనే జేస్తివి. నా పెండ్లికే పోయినయా నీ కండ్లు?" అవ్వ తల దించుకుని కూరగాయలు తరిగింది. నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత అక్క రావడం తగ్గించింది. పండక్కి కూడా వచ్చేది కాదు. నిజామాబాద్ ఎంత దూరం? బస్సెక్కితే గంట.

ముసుగును మరుసటి ఆదివారమే చర్చి ఆడవాళ్లు వచ్చి తీసుకుపోయారు. మర్యాదగానే అడిగారు. "నీకు కండ్లు మంచిగ గనవడుతలేవు గద అక్కా, మేము జూసుకుంటం." అవ్వ అప్పటికే చిరిగిన అంచు సగం కుట్టింది. అక్క పువ్వు ఇంకా కుట్టలేదు. "రెండు రోజులు ఉండనియ్యున్రి, ఒక్క పువ్వున్నది" అని అడిగింది. వాళ్లు మొహాలు చూసుకున్నారు. "ఎందుకులే అక్కా" అని మడిచి పట్టుకుపోయారు. దాన్ని మళ్లీ ఎవరూ వేసుకోలేదు. తర్వాత పెళ్లయిన పిల్లకు తండ్రి హైదరాబాద్ నుంచి నైలాన్ ముసుగు తెచ్చాడు. ఆ తర్వాత పిల్లకు ఇంకా పొడుగుది. కూలివాళ్లు అప్పో సప్పో చేసి కొన్నారు, కొనలేనివాళ్లు కొంగుతో సరిపెట్టుకుని సిగ్గుపడ్డారు. అందరి నెత్తిన ఒకటే బట్ట అన్న మాట మా చర్చిలో లేకుండా పోయింది. అంతకుముందు ఆ సిగ్గు ఎవరికీ ఉండేది కాదు.

టెర్లిన్, నైలాన్ ఎట్లాగూ వచ్చేవే. బజారులో టైలర్లు ఎట్లాగూ దుకాణాలు పెట్టేవాళ్లే. నా చక్కెర లేకపోయినా అవ్వ పని కొంత పోయేదేమో. ఇట్లా లెక్క చెప్పుకుని ఎన్నిసార్లు తప్పించుకోవాలని చూశానో! కానీ బట్టలు తెచ్చే ఒకరిద్దరిని కూడా అవ్వే వెనక్కి పంపేది. "నా చెయ్యి ఖరాబయింది" అనేది. మిషన్ మీద దుప్పటి కప్పింది. పక్కింటివాళ్లతో కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టడం నేర్చుకుంది. పొగాకు ఘాటుకు దగ్గుతూ, పువ్వులు కుట్టిన వేళ్లతో బీడీలు చుట్టింది.

అన్నిటికన్నా నన్ను చంపింది ఇంకొకటి. ఆమెకు ఉప్పు మీద అనుమానం పట్టుకుంది. పప్పులో వేసే ముందు ఉప్పు నాలుక మీద పెట్టుకునేది. బాపు ధోతికి గంజి పెట్టే ముందు గంజి వేలితో తీసి నాకేది. కొన్నాళ్లకు తన నాలుకను కూడా నమ్మలేదు. నన్ను పిలిచేది.

"బిడ్డ, జెర నోట్లేసి సూడు. ఇది ఉప్పేనా?"

"ఉప్పేనవ్వ."

"మంచిగ సూసినవా?"

"సూసిన."

రోజుకు ఒకసారి, రెండుసార్లు. ఏళ్లు గడిచాయి. ప్రతిసారీ అది నేను నిజం చెప్పగల సమయమే. ప్రతిసారీ ఉప్పు నాకి, "ఉప్పేనవ్వ" అన్నాను. చెప్తే అక్క నన్ను చీదరించుకుంటుంది, తర్వాత నా పెళ్లి సంబంధం చెడుతుంది, తర్వాత నా అత్తవాళ్లకు తెలుస్తుంది. ఎప్పుడూ ఏదో ఒకటి. సిగ్గులేని నోరు నాది.

నా పెళ్లికి నాకూ నైలాన్ ముసుగే కొన్నారు. అప్పటికి తెల్ల నైలాన్ చీర, మెడ దాకా జాకెట్, పొడుగు చేతులు ఫ్యాషన్. పొద్దున పక్కగదిలో అవ్వను పిలిచాను. "నువ్వే వెయ్యవ్వ" అన్నాను. ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"నేను ముట్ట బిడ్డ. నీదన్న మంచిగ గానీ."

పాస్టరమ్మగారు వేశారు. అవ్వ వెనక గోడ దగ్గర, ముసుగు గాలి తగలనంత దూరంలో నిలబడింది. నేను ఆ రోజన్నా చెప్పాలి కదా? నవ్వుతూ ఫొటో దిగాను.

తర్వాత ఏడెనిమిదేళ్లకు అవ్వ మంచం పట్టింది. దగ్గు. నేను బోధన్ వెళ్లి ఆమె దగ్గర ఉన్నాను. బాపు అప్పటికి లేడు. అక్కకు కబురు పంపితే, "వస్త" అని మళ్లీ కబురు పంపింది. రాలేదు. ఒక పగలు, ఎండ గడప దాకా వచ్చినప్పుడు, నేను అవ్వ కాళ్లు పట్టుకుని చెప్పేశాను. అటకెక్కడం, నాలుగు గుప్పిళ్లు, ఆయమ్మ మాట, నా చేతి మీద చీమలు, అన్నీ. ఏడ్చి ఏడ్చి చెప్పాను. పదిహేనేళ్ల పిల్లలా వెక్కిళ్లు వచ్చాయి.

ఆమె నా నెత్తి నిమిరింది.

"పిచ్చిదానా" అంది. "నేను సచ్చిపోతున్నని, నా మనసు తేలిక జెయ్యాల్నని గిట్ల అబద్ధమాడుతున్నవా? నువ్వు చెయ్యలె. ఆ రోజే నిన్నడిగిన గద. లేదన్నవు గద."

"అబద్ధం అప్పుడాడిన అవ్వ! ఇప్పుడు గాదు!"

"ఊకో. నువ్వట్ల ఆడేదానివి గాదు."

ఎంత చెప్పినా వినలేదు. ఒట్టు పెట్టాను. బైబిలు తెచ్చి మీద చెయ్యి వేశాను. ఆమె భయపడి నా చెయ్యి తీసేసింది. "నా కోసం పాపం మూటగట్టుకోకు బిడ్డ" అంది.

సాయంత్రానికి ఆకలన్నది. గంజి కాచి, ఉప్పు వేసి, గిన్నెతో తెచ్చాను. తల కింద చెయ్యి పెట్టి లేపాను. గిన్నె పెదాల దాకా వచ్చాక ఆమె ముఖం పక్కకు తిప్పింది.

"ముందుగాల నువ్వు సూడు. ఉప్పేనా?"

ఒక గుటక తాగాను.

"ఉప్పేనవ్వ."

అప్పుడు నోరు తెరిచింది.